జిప్ ఫైలును విప్పే ముందు ఎందుకు ఆగాలి?

2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదులపై దాడి జరిగిన కొద్ది రోజులకే, ప్రజల దుఃఖాన్ని ఆసరా చేసుకుని మోసపు లింకులు, హానికర కోడ్ పొదిగిన వీడియో ఫైలు తిరుగుతున్నాయని న్యూజిలాండ్ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఎన్‌జెడ్ హెచ్చరించింది. ఇంతకంటే క్రూరమైన మోసం అరుదు. పదేపదే వచ్చే సమాచారాన్ని చిన్న గుర్తులుగా కుదించి, పలు ఫైళ్లను ఒక్క మూటగా కట్టే జిప్ ఫైలు ఇలాంటి మోసాలకు మరింత అనువైనది, ఎందుకంటే పాస్‌వర్డ్‌తో తాళం వేసిన మూటలోని ఫైళ్లను యాంటీవైరస్ సాధారణంగా పరీక్షించలేదు. మూట పరిమాణమూ మోసం చేయవచ్చు: కేవలం 42 కిలోబైట్ల ‘42.జిప్’ అనే ఫైలును పొరపొరగా పూర్తిగా విప్పితే సుమారు 4.5 పెటాబైట్లు, అంటే 45 లక్షల గిగాబైట్లు అవుతుంది. కాబట్టి అపరిచిత ఫైలును ముందు స్కాన్ చేసి, విప్పకుండానే లోపలి పేర్లు చూసి, ‘ఫొటో.జెపిజి.ఈఎక్స్‌ఈ’ వంటిది కనిపిస్తే అది చిత్రం కాదు, బొమ్మ వేషంలోని ప్రోగ్రామని గ్రహించి తొలగించాలి.