ఇంటి వసారాలో రాతి చెక్కుడు: యంత్రంతో పాటు ఇవ్వవలసినవి



నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో రాతికి కొదవ లేదు. గుట్టల్లో గ్రానైట్ ఉంది, తాండూరు నుంచి నాపరాయి వస్తుంది. ఇంటి పేరు పలకకూ మసీదు శిలాఫలకానికీ గిరాకీ ఉంటుంది. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులపై నల్లరాతిలో కనిపించే అరబీ అక్షరాలు ఉలితో చెక్కినవి. ఇప్పుడు ఆ పని సీఎన్‌సీ రూటర్ చేస్తోంది. "ఇంట్లోనే పెట్టుకుని బతుకుతాం, సాయం చేయండి" అని మన యువకులు అడుగుతున్నారు. ఈ పని ఎలా జరుగుతుందో దాతలకు తెలియాలని ఈ నాలుగు మాటలు.

కంప్యూటర్‌లో గీసిన అక్షరాల వెంట తిరిగే బిట్టును మూడు దిశల్లో నడిపించేదే ఈ యంత్రం. వడ్రంగులు చెక్కపై వాడేదీ ఇదే. కాని చెక్కపై నడిచే బిట్టు గ్రానైట్‌పై నిమిషాల్లో మొద్దుబారుతుంది. గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే లెక్కలో నాపరాయి 3 దగ్గర ఉంటే, గ్రానైట్ 6, 7 మధ్య ఉంటుంది. గ్రానైట్‌కు వజ్రపు పొడి అంటించిన బిట్టు కావాలి. లోతు ఒక్కసారిగా తీయకూడదు, మిల్లీమీటరులో కొద్ది వంతు చొప్పున దిగాలి. బిట్టు మీద నీళ్లు ఆగకుండా పడాలి. కొత్తవారు నాపరాయితో మొదలుపెట్టడం మేలు.

ఉర్దూ, అరబీ రాతలో ఇంకో జాగ్రత్త ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అక్షరాలు విడిపోతాయి, వరుస తిరగబడుతుంది. అక్షరాలను ముందే గీతలుగా మార్చి, చదవగలిగిన పెద్దలకు చూపించాకే రాతి మీదికి వెళ్లాలి. రాతిపై పడిన తప్పును తుడవలేం.

అసలు భయం దుమ్ముతో. గ్రానైట్‌లో నాలుగో వంతుకు పైగా సిలికా ఉండవచ్చు. వంటింటి గట్లకు వాడే కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో అది 90 శాతం దాకా ఉంటుంది. కంటికి కనిపించనంత సన్నని ఆ పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది. దాన్ని నయం చేసే మందు లేదు, పైగా క్షయ సులువుగా అంటుకుంటుంది. షాద్‌నగర్ వైపు పలుగురాయి పొడి కొట్టే మిల్లుల్లో పనిచేసిన కూలీలు ఈ జబ్బుతో పడిన బాధ మన ప్రాంతానికి కొత్త కాదు. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి కృత్రిమ రాతి పలకల వాడకాన్నే నిషేధించింది.

మిల్లులో దుమ్ము పనివాడిని పడుతుంది. ఇంటి వసారాలో అయితే పక్కనే పొయ్యి దగ్గరున్న తల్లినీ, ఆడుకునే పిల్లలనూ పడుతుంది. మూతికి కట్టిన రుమాలు దాన్ని ఆపలేదు. చీపురుతో ఊడిస్తే మళ్లీ గాలిలోకి లేస్తుంది. నీళ్లతో కలిసిన బురదను కూడా ఎండనివ్వకుండా తడిగానే ఎత్తి పారేయాలి.

అందుకే మా విన్నపం ఒక్కటే. యంత్రం ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దు. ఇంటికి దూరంగా చిన్న రేకుల షెడ్డు, నీటి మోటారు, తొట్టి, షాకు కొట్టకుండా ఎర్తింగ్, ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్కులు, ఏటా ఛాతీ ఎక్స్‌రే, ఇవన్నీ ఆ సాయంలో భాగమే. డబ్బు చాలకపోతే ఇద్దరికి అరకొరగా ఇచ్చే కన్నా ఒక్కరికి పూర్తిగా ఇద్దాం. ఒక చేత్తో హలాల్ సంపాదన ఇచ్చి, ఇంకో చేత్తో ఊపిరి తీసుకునే సదఖా మనకు వద్దు. మీ దానాన్ని అల్లాహ్ స్వీకరించుగాక.