కొబ్బరి మొవ్వుకుళ్లు: పాత ఎండు నమూనాలు చెప్పే పాఠం

నౌపడ, ఉద్దానం ప్రాంతాల కొబ్బరి రైతులను వానాకాలంలో కలవరపెట్టే తెగులు మొవ్వుకుళ్లు. కొబ్బరికి మొవ్వు ఒక్కటే. అది చస్తే చెట్టు పోయినట్లే.

తెగులు పేరు ఎలా తేలింది?
1900ల తొలినాళ్లలో గోదావరి జిల్లాలో తాటిచెట్లు మొవ్వు కుళ్లి చనిపోయాయి. శాస్త్రవేత్త ఇ.జె. బట్లర్ పరిశీలించి, శిలీంధ్రాన్ని పోలిన సూక్ష్మజీవి కారణమని గుర్తించి 1907లో పేరు పెట్టారు. నేడు దాన్నే ఫైటోఫ్తోరా పామివోరా అంటున్నాం. కొబ్బరిలోనూ మొవ్వుకుళ్లు కలిగించేది ఇదే.

హెర్బేరియం ఎందుకు?
తెగులు సోకిన ఆకులను ఎండబెట్టి, ఊరు, పంట, తేదీ రాసి భద్రపరిచే చోటే హెర్బేరియం. 1905లో బీహార్‌లోని పూసాలో బట్లర్ ప్రారంభించిన శిలీంధ్రాల హెర్బేరియం ఇప్పుడు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఉంది. ఐర్లండులో 1845లో కరువు తెచ్చిన బంగాళాదుంప తెగులు రకం ఏదో, యూరప్ హెర్బేరియాల్లో దాచిన 19వ శతాబ్దపు ఆకుల డీఎన్ఏను పరీక్షించి 2013లో తేల్చారు. అంతకుముందు అనుకున్న రకం అది కాదని తెలిసింది. చీటీ సరిగా రాసి ఉండబట్టే ఆ ఆకులు ఇన్నేళ్ల తర్వాత కూడా పనికొచ్చాయి.

మీరు నమూనా తీసేటప్పుడు
• కుళ్లిన భాగం, పక్కనున్న ఆరోగ్యకరమైన భాగం రెండూ కలిసేలా కోయండి.
• తడి పాలిథిన్ సంచిలో బిగించకండి. కాగితంలో చుట్టి, ఆలస్యం చేయకుండా ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి గాని, ఉద్యాన అధికారికి గాని చూపించండి.
• ఆకుమచ్చలైతే ఆకును వార్తాపత్రికల మధ్య పెట్టి, రోజూ కాగితాలు మారుస్తూ ఆరబెట్టండి.
• ఊరు, రకం, చెట్టు వయసు, తేదీ, మొదట కనిపించిన లక్షణం చీటీ మీద రాయండి.

నివారణ
మొవ్వాకు వాడి, లాగితే సులువుగా ఊడివచ్చి, దుర్వాసన వస్తే వెంటనే కుళ్లిన భాగాన్ని పూర్తిగా కోసి తగలబెట్టాలి. కోసినచోట 10 శాతం బోర్డో పేస్టు పూసి, కొత్త మొవ్వు వచ్చేదాకా వాన నీరు పడకుండా కప్పాలి. చుట్టుపక్కల చెట్ల మొవ్వులు తడిసేలా 1 శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేయాలి. ఇందుకు 100 లీటర్ల నీటికి మైలుతుత్తం ఒక కిలో, సున్నం ఒక కిలో చాలు. రెండింటినీ ప్లాస్టిక్ పాత్రల్లో విడివిడిగా కరిగించి, మైలుతుత్తం ద్రావణాన్ని సున్నపు నీటిలో పోస్తూ కలపాలి. కలిపిన రోజే వాడేయాలి.