గడ్డకట్టు చలినుండి తాటిజాతి చెట్లను కాపాడుకొను విధము

మామిడి, వేప మొదలగు చెట్ల తల నరికినను ప్రక్కనుండి చిగురించును. తాటి, కొబ్బరివంటి చెట్లకు ఆ వీలు లేదు. వాని ప్రాణమంతయు మొవ్వునందే యున్నది. 20వ శతాబ్దారంభమున గోదావరి ప్రాంతపు తాళ్లను చంపిన మొవ్వుకుళ్ళు తెగులు పట్టినదియు అచ్చోటనే. చలిదేశములలో ఆ పని మంచు చేయును. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున తెలుగువారు పెక్కురు గలరు గనుక, అచట తమ దొడ్లలో ఇట్టి చెట్లు పెంచువారి నిమిత్తము ఈ సంగతులు వ్రాయుచున్నాము.

2021 ఫిబ్రవరి 16వ తేదీన డల్లాసు-ఫోర్టువర్తు విమానాశ్రయమున చలి సున్నకు దిగువ 19 సెంటీగ్రేడు డిగ్రీలవరకు దిగెను. ఆ వారముననే శాన్ ఆంటోనియో నగరమున సున్నకు దిగువ 13 డిగ్రీల చలికి, మెక్సికో దేశమునుండి వచ్చిన పొడవాటి వాషింగ్టోనియా చెట్లు పెక్కులు చచ్చెను. టెక్సాసు నేలకే చెందిన సాబల్ జాతివి చాలవరకు బ్రతికెను. చీనా దేశపు ట్రాకికార్పసు సున్నకు దిగువ సుమారు 15 డిగ్రీలవరకు ఓర్చును. (ఈ చెట్లకు తెనుగు పేర్లు లేవు, కల్పించుటకంటె ఉన్నవానినే ఉంచుట మేలని తోచినది.) మొక్క కొనునపుడే ఈ భేదము విచారింపవలెను. ఓర్వలేని చెట్టును నాటి ఏటేట దుప్పట్లు చుట్టుట వృథాప్రయాస.

చలి రాకముందే, నేల ఎండియున్నచో నీరు పెట్టి, మొదట ఎండుటాకు దట్టముగా పరువవలెను. చిన్నచెట్ల మట్టలను పైకెత్తి వదులుగా కట్టి, మొవ్వును కాండమును గుడ్డతో చుట్టవలెను. లోపల వేడినిచ్చు పాతరకపు చిన్న విద్యుద్దీపముల తీగ చుట్టుటయు కలదు, ఎల్.ఇ.డి. దీపములకు ఆ వేడి చాలదు. ప్లాస్టిక్కు మట్టలను తాకరాదు. గడ్డకట్టు చలి పోయినంతనే కట్లు విప్పవలెను, లేనిచో లోన తేమపట్టి మొవ్వు చెడును.

పిమ్మట యజమానులు చేయు తప్పు తొందరపాటు. మట్టలు ఎండి వ్రేలాడుచుండ చూడలేక చెట్టునే కొట్టించెదరు. పచ్చదనము కొంచెమున్నను ఆ మట్టను నరుకరాదు. చెట్టునకు ఆహారము దానినుండియే. నడుమనున్న విప్పుకొనని ఆకును మెల్లగా లాగి చూడుడు. గట్టిగానున్నచో ఆశ కలదు. అడుగు మెత్తబడి దుర్గంధముతో ఊడివచ్చినను గొడ్డలి ఎత్తవలదు. కుళ్ళినది తీసివేసి, బూజును చంపు రాగిమందును డబ్బాపై వ్రాసిన మోతాదున మొవ్వులో చల్లి, పది దినములకు మరియొకమారు చల్లవలెను. మూడవమారు వలదు, రాగి మిక్కుటమైనచో చెట్టునకే విషము. నేల వెచ్చబడి క్రొత్తాకు కనబడువరకు ఎరువు వేయరాదు. తొలుత వచ్చు ఆకులు వంకరగా, కురుచగా నుండవచ్చును. దానికి భయపడక జూలై మాసమువరకు వేచియుండుడు.

అయితే తాటిజాతి కాండమునకు ఏటేట క్రొత్త పొర పుట్టదు. చలికి చెడిన నాళములు మరల బాగుపడవు. కావున కొన్ని చెట్లు చిగిర్చియు ఎండకాలమున నీరందక వాడును. కాండము మెత్తబడి, నొక్కిన లోనికి దిగునట్టి పెద్ద చెట్టు ఇంటిప్రక్క నున్నచో, దానిని మాత్రము వేచియుండక తీయించవలెను.