పరిశోధన నిజమే.. అది మీ గురించేనా?

సోమవారం ఓపీ. బయట వరుస మెట్ల దాకా ఉంది. అరవై దాటిన రిటైర్డ్ మాస్టారు ఒకరు, ఆయన కొడుకు వచ్చి నా ముందు కూర్చున్నారు. మాస్టారికి పన్నెండేళ్లుగా షుగర్. ఎప్పుడూ అదుపులోనే ఉండేది. ఆ రోజు మాత్రం గ్లూకోమీటర్ 386 చూపించింది. కుడికాలి బొటనవేలి కింద పుండు పడింది.

‘‘మాత్రలు వేసుకుంటున్నారా మాస్టారూ?’’ అని అడిగాను. ఆయన కొడుకు వైపు చూశారు.

‘‘మూడు నెలలుగా ఆపేశాం సార్. రెండు పూటలా నడుస్తున్నారు. మెట్‌ఫార్మిన్ కన్నా నడకే రెండింతలు మేలని అమెరికా ప్రభుత్వ సైట్‌లోనే ఉంది’’ అంటూ ఆ అబ్బాయి ఫోన్ ముందుకు జరిపాడు.

నాకు గుర్తొచ్చింది. అంతకుముందు వచ్చినప్పుడూ అతను అదే ఫోన్ చూపించబోయాడు. రద్దీలో ఉన్న నేను ‘‘గూగుల్ చూసి వైద్యం చేసుకోకండి’’ అని పంపేశాను. ఈసారి తీసుకుని చదివాను. అది వాట్సాప్ కబురు కాదు, అసలైన పరిశోధన పత్రమే. అందులో ఉన్నదీ నిజమే. కానీ అది మాస్టారి లాంటి వారి గురించి కాదు.

పత్రంలో ఏముంది?

అమెరికా ప్రభుత్వ నిధులతో 27 కేంద్రాల్లో జరిగిన ‘డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్’ ఫలితాలవి. 2002లో వెలువడ్డాయి. మొత్తం 3,234 మందిని మూడు బృందాలు చేశారు. ఏడాదికి ప్రతి వందమందిలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్న బృందంలో 11 మందికి, మెట్‌ఫార్మిన్ బృందంలో దాదాపు 8 మందికి, జీవనశైలి మార్చుకున్న బృందంలో దాదాపు 5 మందికి షుగర్ వచ్చింది. అంటే మెట్‌ఫార్మిన్ ముప్పును 31 శాతం, జీవనశైలి మార్పు 58 శాతం తగ్గించాయి. ‘రెండింతలు మేలు’ అన్న మాట ఇక్కడి నుంచి వచ్చిందే.

అయితే వీరిలో ఎవరికీ అప్పటికి షుగర్ లేదు. అందరూ ప్రీడయాబెటిస్ దశలో ఉన్నవారు. షుగర్ రాకుండా ఆపడానికి చేసిన అధ్యయనం అది. వచ్చిన షుగర్‌కు మాత్రలు మానేయొచ్చని అది ఎక్కడా చెప్పలేదు. పైగా ఆ బృందం చేసింది నడక ఒక్కటే కాదు. వారానికి 150 నిమిషాల వ్యాయామం, ఆహారంలో మార్పులు, 7 శాతం బరువు తగ్గాలన్న లక్ష్యం, పక్కనే ఉండి 16 పాఠాలు చెప్పిన శిక్షకులు.. ఇవన్నీ కలిస్తే వచ్చిన ఫలితమది. ఆ అబ్బాయి పేరు, ఫలితం చదివాడు. మధ్యలో ‘ఎవరి మీద’ అన్న వాక్యం దాటిపోయాడు.

అందరికీ తెరిచిన అల్మారా

అతను ఆ పత్రం చదివిన చోటు పేరు పబ్‌మెడ్ సెంట్రల్. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 2000లో మొదలుపెట్టింది. ప్రజల పన్నులతో జరిగిన పరిశోధన ప్రజలకు ఉచితంగా అందాలన్నది దీని వెనకున్న ఆలోచన. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో చేసిన పరిశోధనల పత్రాలు ఏడాదిలోగా ఇందులో అందుబాటులోకి రావాలని 2008లో నిబంధన తెచ్చారు. 2025 జులై 1 నుంచి ప్రచురణకు ఆమోదం పొందే పత్రాలకు ఆ ఏడాది గడువూ తీసేశారు. మన ఐసీఎంఆర్ వారి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌ను కూడా ఉచితంగా చదవొచ్చు.

దీనికి అక్కలాంటిది పబ్‌మెడ్. అందులో 3 కోట్లకు పైగా పత్రాల వివరాలు, చాలావాటికి సారాంశాలు ఉంటాయి. పూర్తి పాఠం పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉంటే అక్కడికి దారి చూపిస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. ఇది గ్రంథాలయం. ఒక పత్రం అక్కడ ఉన్నంత మాత్రాన ప్రభుత్వం ఆ వైద్యాన్ని సిఫార్సు చేసినట్టు కాదు.

వెతికేదెలా?

• ఇంగ్లిష్‌లో రెండు మూడు ముఖ్యమైన మాటలే టైప్ చేయండి. మందుల కంపెనీ పెట్టిన పేరు కాకుండా, మాత్రల షీటు మీద ఉండే అసలు మందు పేరు రాయండి.

• జబ్బు పేరు, మందు పేరుతో పాటు ‘ఇండియా’ అని కలిపి చూడండి. పై అధ్యయనంలో పాల్గొన్నవారి సగటు బీఎంఐ 34. మనవాళ్లకు అంతకన్నా చాలా తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది.

• ఫిల్టర్లలో ‘ఫ్రీ ఫుల్ టెక్స్ట్’ ఎంచుకుంటే డబ్బు కట్టకుండా చదవగలిగేవే వస్తాయి. ‘సిస్టమాటిక్ రివ్యూ’ ఎంచుకుంటే ఒకే ప్రశ్నపై వచ్చిన అనేక అధ్యయనాలను కలిపి తూచిన పత్రాలు దొరుకుతాయి. ముందు వీటిని చదవడం మేలు.

చదివేటప్పుడు నాలుగు ప్రశ్నలు

1. ఎవరి మీద చేశారు? మనుషులా, ఎలుకలా, గాజుగిన్నెలో కణాలా? మనుషులైతే వయసు, జబ్బు దశ మీవాటితో సరిపోతున్నాయా? పసుపు, కాకర, మెంతుల గురించి ‘పరిశోధనలో రుజువైంది’ అని తిరిగే చాలా కబుర్లు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

2. దేనితో పోల్చారు? పోల్చడానికి రెండో బృందమే లేకపోతే ఆ ఫలితాన్ని గట్టిగా నమ్మలేం.

3. ఎంతమందికి, ఎంత మేలు? శాతం చూసి ఆగకండి. వందమందిలో ఎంతమందికి అన్న లెక్క వెతకండి.

4. డబ్బు ఎవరిది? పత్రం చివర్లో నిధుల వివరాలు, రచయితలకు కంపెనీలతో ఉన్న సంబంధాలు ఉంటాయి.

పత్రాన్ని వెనక్కి తీసుకున్నారేమో కూడా చూడండి. ఎంఎంఆర్ టీకాకు, ఆటిజంకు ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ పత్రం కేవలం 12 మంది పిల్లల గురించి రాసింది. దాన్ని 2010లో పత్రిక ఉపసంహరించుకుంది. పబ్‌మెడ్‌లో ఇప్పటికీ కనిపిస్తుంది, ఉపసంహరించినట్టు సూచనతో పాటు. ఫార్వర్డ్‌లలో ఆ సూచన ఉండదు.

డాక్టర్ దగ్గరికి ఎలా తేవాలి?

మొత్తం పత్రం అక్కర్లేదు. సారాంశం ఉన్న మొదటి పేజీ చాలు. ‘‘ఈ మాత్ర ఆపేయొచ్చా?’’ అని కాకుండా ‘‘ఇది మా నాన్నగారికి వర్తిస్తుందా?’’ అని అడగండి. జవాబు వచ్చేదాకా మాత్రలు మానొద్దు. షుగర్, బీపీ, గుండె, థైరాయిడ్, మూర్ఛ మందుల విషయంలో ఇది మరీ ముఖ్యం. డాక్టర్లకూ ఒక మాట. రెండు నిమిషాలు ఆ ఫోన్ అందుకుని చూద్దాం. నేను చూడకపోవడంతో ఏమైందో చెప్పాను కదా.

మాస్టారికి కొన్ని వారాలు ఇన్సులిన్ ఇవ్వాల్సి వచ్చింది. పుండు మానింది, వేలు దక్కింది. మళ్లీ మాత్రలు మొదలుపెట్టాం. నడక మాత్రం ఆపొద్దన్నాను, మెత్తటి చెప్పులతో. మొన్న కొడుకు మరో పత్రం తెచ్చాడు. ఎవరి మీద చేశారో చెప్పే వాక్యం కింద ముందే పెన్నుతో గీత గీసుకొచ్చాడు.