నూటికి 96 మంది మెచ్చినా నిండని హాలు: ‘ది ఐరన్ జెయింట్’ లెక్కలు

1999 ఆగస్టు 6, శుక్రవారం. అమెరికాలో ఆ ఒక్క రోజే నాలుగు చెప్పుకోదగ్గ సినిమాలు విడుదలయ్యాయి. వాటిలో రెండు దాదాపు సమానమైన సంఖ్యలో థియేటర్లలో పడ్డాయి. నైట్ శ్యామలన్ తీసిన ‘ది సిక్స్త్ సెన్స్’ 2,161 చోట్ల, బ్రాడ్ బర్డ్ తీసిన సైన్స్ ఫిక్షన్ యానిమేషన్ చిత్రం ‘ది ఐరన్ జెయింట్’ 2,179 చోట్ల. ఆదివారం రాత్రికి మొదటిది 2.67 కోట్ల డాలర్లు వసూలు చేసి అగ్రస్థానంలో కూర్చుంది. రెండోది 57 లక్షల డాలర్లతో తొమ్మిదో స్థానానికి పరిమితమైంది.

అదే సినిమాకి ఇప్పుడు రాటెన్ టొమాటోస్‌లో 96 శాతం ఉంది. మెటాక్రిటిక్‌లో 85. తొలిరోజు ప్రేక్షకులు సినిమాస్కోర్‌లో ‘ఎ’ గ్రేడు ఇచ్చారు. యానిమేషన్ రంగం ఇచ్చే అనీ అవార్డుల్లో 15 నామినేషన్లకు 9 గెలిచింది. నిర్మాణ వ్యయం 5 కోట్ల డాలర్లకు తక్కువ లేదు, ప్రపంచవ్యాప్త వసూళ్లు మాత్రం 3.13 కోట్లు. ఇన్ని మంచి అంకెల మధ్య ఈ చెడ్డ అంకె ఎలా వచ్చింది? ఒక్కో అంకె ఎవరిని అడిగి తీసింది, ఎప్పుడు తీసింది అని చూస్తే జవాబు దొరుకుతుంది.

ఆయుధం కానన్న మరమనిషి

కథకు మూలం ఇంగ్లిష్ కవి టెడ్ హ్యూస్ 1968లో పిల్లల కోసం రాసిన ‘ది ఐరన్ మ్యాన్’. బర్డ్ దాన్ని 1957 అక్టోబరుకు, సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించి అమెరికాకు నిద్ర పట్టకుండా చేసిన రోజులకు తరలించారు. మెయిన్ రాష్ట్రంలో రాక్‌వెల్ అనే కల్పిత ఊరు. అక్కడ తొమ్మిదేళ్ల హోగార్త్‌కు అంతరిక్షం నుంచి పడ్డ భారీ మరమనిషి కనిపిస్తాడు. ఇనుము తింటాడు, తనెవరో మరిచిపోయాడు. నిజానికి వాణ్ని తయారు చేసింది యుద్ధం కోసం. ఆయుధమే ‘నేను ఆయుధంగా ఉండను’ అనుకుంటే ఏమవుతుందన్నదే సినిమా. తుపాకీ హింసలో సోదరిని పోగొట్టుకున్న బర్డ్ దీన్ని ఆమెకూ, విడుదలకు తొమ్మిది నెలల ముందు కన్నుమూసిన హ్యూస్‌కూ అంకితమిచ్చారు. మనుషుల్ని చేత్తో గీశారు, మరమనిషిని కంప్యూటర్‌లో చేశారు. రెండూ అతుకు తెలియకుండా కలవాలని కంప్యూటర్ గీతలు కాస్త వణికేలా ప్రోగ్రామ్ రాసుకున్నారు.

96 అంటే మార్కులు కావు

రాటెన్ టొమాటోస్ ప్రతి సమీక్ష దగ్గరా తేల్చుకునేది ఒక్కటే: నచ్చిందా, నచ్చలేదా? నచ్చిందన్నవాళ్ల శాతమే మనకు కనిపించే అంకె. కాబట్టి 96 శాతమంటే నూటికి 96 మార్కులని కాదు, నూరుమందిలో 96 మంది సరేనన్నారని. ‘పర్వాలేదు, చూడొచ్చు’ అన్నదీ ఒక ఓటే, ‘ఈ ఏడాదికి ఇదే గొప్ప సినిమా’ అన్నదీ ఒక ఓటే.

మెటాక్రిటిక్ పద్ధతి వేరు. ప్రతి సమీక్షనూ నూటికి ఇన్ని అని మార్కుల్లోకి మార్చి, పత్రికల ప్రాధాన్యాన్ని బట్టి సగటు తీస్తుంది. ఈ తేడా తెలియాలంటే మరో సైన్స్ ఫిక్షన్ యానిమేషన్ చిత్రం, పిక్సార్ వారి ‘వాల్-ఈ’ని (2008) పక్కన పెట్టి చూడాలి. రాటెన్ టొమాటోస్‌లో ఐరన్ జెయింట్‌కు 96, వాల్-ఈకి 95. మెటాక్రిటిక్‌లో ఐరన్ జెయింట్‌కు 85, వాల్-ఈకి 95. మెచ్చినవాళ్ల శాతంలో రెండూ దాదాపు సమానమే. మెప్పు మోతాదులో మాత్రం పది మార్కుల తేడా.

అంతకన్నా ముఖ్యమైంది తేదీ. రాటెన్ టొమాటోస్ 1998 ఆగస్టులో మొదలైంది. ఐరన్ జెయింట్ వచ్చేనాటికి దానికి ఏడాది నిండలేదు. మెటాక్రిటిక్ పుట్టిందే 2001లో. రాటెన్ టొమాటోస్ లెక్కలోకి తర్వాతి సంవత్సరాల్లో రాసిన సమీక్షలు కూడా చేరుతుంటాయి. 1999లో సమీక్షకులు మెచ్చుకోలేదని కాదు. రోజర్ ఈబర్ట్ నాలుగుకు మూడున్నర నక్షత్రాలు ఇచ్చారు. లాస్ ఏంజిలిస్ విమర్శకుల సంఘం ఆ ఏడాది ఉత్తమ యానిమేషన్‌గా దీన్నే ఎంచుకుంది. కానీ అన్ని సమీక్షలనూ ఒక్క అంకెలో చూసుకునే అలవాటు ఆ శుక్రవారం టిక్కెట్ కొనేవాళ్లకు ఇంకా లేదు. ఈ రోజు మనకు తెలిసిన ‘96’ను ఆనాటి ప్రేక్షకుడికి ఆపాదించి, ‘అంత రేటింగ్ ఉన్నా ఎందుకు చూడలేదు’ అనడం సరికాదు.

‘ఎ’ గ్రేడు ఎవరిచ్చారు?

సినిమాస్కోర్ మనుషులు విడుదల రోజు హాలు దగ్గర నిలబడి, చూసి బయటికి వచ్చేవాళ్ల చేతికి కార్డులిస్తారు. ఎ ప్లస్ నుంచి ఎఫ్ దాకా గ్రేడు అడుగుతారు. మన దగ్గర మార్నింగ్ షో వదలగానే మైకు పట్టుకుని అడిగే పబ్లిక్ టాక్‌ను ఒక పద్ధతిలో పెట్టి లెక్కగడితే వచ్చేది ఇదే. దీనికో పరిమితి ఉంది. రానివాళ్లని ఇది అడగదు. తొలిరోజే వచ్చినవాళ్లు ముందే ఇష్టపడి వచ్చినవాళ్లు కాబట్టి గ్రేడులు సహజంగానే పైకి మొగ్గుతాయి. పిల్లల సినిమాలకైతే ‘ఎ’ రావడం పెద్ద అరుదు కాదు. అందుకే ఒక్క గ్రేడు చూసి ప్రేక్షకులు ఆదరించారని తేల్చలేం. అసలు హాల్లో ఎంతమంది ఉన్నారో కూడా చూడాలి.

ఆటకు 35 మంది

57.3 లక్షల డాలర్లను 2,179 థియేటర్లకు పంచితే ఒక్కోదానికి మూడు రోజులకు 2,631 డాలర్లు. ఆ ఏడాది అమెరికాలో సగటు టిక్కెట్టు ధర సుమారు 5 డాలర్లు. అంటే థియేటర్‌కు 526 టిక్కెట్లు, రోజుకు 175. రోజుకు అయిదు ఆటలు వేశారనుకుంటే ఆటకు 35 మంది. అదే లెక్కన సిక్స్త్ సెన్స్‌కు ఆటకు 165 మంది.

పూర్తి రన్‌లో అమెరికా, కెనడాల్లో కలిపి ఐరన్ జెయింట్ వసూలు చేసింది 2.32 కోట్ల డాలర్లు. అదే ధరకు సుమారు 46 లక్షల టిక్కెట్లు. రెండు దేశాల జనాభా అప్పటికే 30 కోట్లు దాటింది. ఎవరూ రెండోసారి చూడలేదనుకున్నా సుమారు 65 మందిలో ఒక్కరే హాలుకు వెళ్లారు.

టాక్‌ను కొలిచే అంకె

టాక్ బాగుందో లేదో నమ్మకంగా చెప్పేది మరో లెక్క. మొత్తం రన్ వసూళ్లను తొలి వారాంతం వసూళ్లతో భాగించాలి. దీన్ని ట్రేడ్‌లో మల్టిప్లయర్ అంటారు. ఓపెనింగ్ తెచ్చేది ప్రచారం, పేరు. ఆ తర్వాత నడిపించేది చూసినవాళ్ల మాట. మూడు సైన్స్ ఫిక్షన్ యానిమేషన్ చిత్రాలకు ఉత్తర అమెరికా లెక్కలు ఇవి:

- ఐరన్ జెయింట్ (1999): తొలి వారాంతం 57.3 లక్షల డాలర్లు, మొత్తం 2.32 కోట్లు. 4.04 రెట్లు. సినిమాస్కోర్ ‘ఎ’.
- ఫైనల్ ఫాంటసీ: ది స్పిరిట్స్ వితిన్ (2001): తొలి వారాంతం 1.14 కోట్లు, మొత్తం 3.21 కోట్లు. 2.8 రెట్లు. సినిమాస్కోర్ ‘సి ప్లస్’.
- వాల్-ఈ (2008): తొలి వారాంతం 6.31 కోట్లు, మొత్తం 22.38 కోట్లు. 3.55 రెట్లు. సినిమాస్కోర్ ‘ఎ’.

ఫైనల్ ఫాంటసీ వీడియో గేమ్ పేరు మీద వచ్చింది. మనుషుల్ని ఫొటోల్లా కనిపించేట్టు కంప్యూటర్‌లో సృష్టించామన్న ప్రచారం జోరుగా సాగింది. ఓపెనింగ్ ఐరన్ జెయింట్‌కు రెట్టింపు. కానీ చూసినవాళ్లు పెదవి విరిచారు. బుధవారమే విడుదలై రెండు రోజులు అదనంగా ఆడినా మల్టిప్లయర్ మూడుకు చేరలేదు. సమీక్షకుల్లోనూ మెచ్చినవాళ్లు 44 శాతమే. 13.7 కోట్ల డాలర్లు పెట్టి తీసిన చిత్రానికి ప్రపంచమంతటా వచ్చింది 8.5 కోట్లు. దాన్ని తీసిన స్క్వేర్ పిక్చర్స్ తర్వాత మూతపడింది.

వాల్-ఈ జూన్ చివర్లో, సెలవులన్నీ ముందుండగా వచ్చింది. ఐరన్ జెయింట్‌కు దొరికింది ఆగస్టు. కొన్ని వారాలకే బడులు తెరుస్తారు, మామూలు రోజుల్లో పిల్లల సినిమాకు జనం తగ్గుతారు. అయినా రెట్ల లెక్కలో వాల్-ఈని దాటింది. ఓపెనింగ్ చిన్నదైతే మల్టిప్లయర్ పెద్దదిగా కనిపించే అవకాశం కొంత ఉంటుంది, నిజమే. ఆ మేరకు తగ్గించుకున్నా, చూసినవాళ్లు నలుగురికీ చెప్పారన్న సంగతి మారదు. రెండు సినిమాల మధ్య ఉన్న అసలు తేడా మొదటి మూడు రోజుల్లోనే ఉంది: పదకొండు రెట్లు.

ఓపెనింగ్ ఎందుకు రాలేదు?

వార్నర్ బ్రదర్స్ అంతకుముందు ఏడాది, 1998 మేలో ‘క్వెస్ట్ ఫర్ క్యామెలాట్’ అనే యానిమేషన్ చిత్రం విడుదల చేసి చేతులు కాల్చుకుంది. దాంతో తర్వాతి బొమ్మల సినిమా మీద ఆశ సన్నగిల్లింది. ఐరన్ జెయింట్‌ను ముందస్తు ప్రదర్శనల్లో చూపించినప్పుడు సంస్థకు పదిహేనేళ్లలో రానంత స్కోరు వచ్చిందని బర్డ్ చెప్పారు. కానీ అప్పటికి 1999 వేసవి ముంచుకొచ్చింది. బొమ్మల తయారీదారులతో, బర్గర్ దుకాణాల గొలుసులతో ఒప్పందాలు కుదుర్చుకుని సరుకు మార్కెట్‌లోకి తేవడానికి ఏడాది పడుతుంది. ఉన్నది నాలుగు నెలలు. ఇక పోటీ చూస్తే, జూన్‌లో వచ్చిన డిస్నీ ‘టార్జాన్’ ఆ వేసవి పిల్లల ప్రేక్షకుల్ని ముందే పట్టుకుంది. పెద్దలకేమో సిక్స్త్ సెన్స్, ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ ఉన్నాయి.

గ్రాస్ వేరు, షేర్ వేరు

3.13 కోట్లు గ్రాస్. తెలుగు ట్రేడ్ లెక్కలు చదివేవాళ్లకు గ్రాస్ వేరు, షేర్ వేరు అని కొత్తగా చెప్పక్కర్లేదు. హాలీవుడ్‌లోనూ గ్రాస్‌లో థియేటర్ల వాటా పోగా స్టూడియోకు దక్కేది ఉజ్జాయింపుగా సగం. అంటే సుమారు 1.57 కోట్లు. 5 కోట్లకు ఇది మూడో వంతు కూడా కాదు. ప్రచార ఖర్చు దీనికి అదనం. కాబట్టి వ్యాపారపరంగా ‘ఫ్లాప్’ అన్న తీర్పులో తప్పు లేదు. దాన్ని సినిమా మీద ప్రేక్షకుల తీర్పుగా చెప్పుకోవడంలోనే తప్పుంది.

ఆ తర్వాత ఆదరణ వేరే దారుల్లో వచ్చింది. వీడియో విడుదలకు వార్నర్ ఈసారి గట్టిగానే ప్రచారం చేసింది. కార్టూన్ నెట్‌వర్క్ సెలవు రోజుల్లో ఇరవై నాలుగు గంటలూ ఇదే సినిమాను తిప్పి తిప్పి వేసింది. 2015లో రెండు కొత్త సన్నివేశాలు కలిపి మళ్లీ థియేటర్లకు తెచ్చారు. 2018లో స్పీల్‌బర్గ్ ‘రెడీ ప్లేయర్ వన్’లో ఆ మరమనిషి తెరమీదకు వచ్చాడు. వీటిలో ఏదీ 1999 నాటి 3.13 కోట్ల లెక్కలో కలవదు.

బర్డ్ పిక్సార్‌కు వెళ్లి 2004లో ‘ది ఇన్‌క్రెడిబుల్స్’ తీశారు. రాటెన్ టొమాటోస్‌లో 97 శాతం, సినిమాస్కోర్ ‘ఎ ప్లస్’, మల్టిప్లయర్ 3.7. ఐరన్ జెయింట్ అంకెలకు ఇవి అంత దూరమేమీ కాదు. తొలి వారాంతం మాత్రం 57 లక్షల నుంచి 7.05 కోట్ల డాలర్లకు ఎగబాకింది, ప్రపంచ వసూళ్లు 63 కోట్లు దాటాయి. దర్శకుడి పనితనం అయిదేళ్లలో పన్నెండు రెట్లు పెరగలేదు. వెనక పిక్సార్ పేరు ఉంది, చేతిలో సూపర్‌హీరో కథ ఉంది, అమ్మడానికి సమయం ఉంది.

ఒక సినిమా పోయిందని విన్నప్పుడు అందుకే మొత్తం వసూళ్ల దగ్గర ఆగిపోకూడదు. పోయింది ఓపెనింగా, మల్టిప్లయరా అని చూడాలి. ఓపెనింగ్ పోతే చాలావరకు అమ్మినవాళ్ల లోపం. మల్టిప్లయర్ పోతే చాలావరకు తీసినవాళ్ల లోపం.