గూగుల్ డ్రైవ్ పదే పదే నిండిపోతోందా? పాత వెర్షన్ల లెక్క ఒకసారి చూసుకోండి

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. ఒక పీఎస్‌డీ ఫైల్ 500 ఎంబీ ఉందనుకుందాం. కస్టమర్ మార్పు చెప్పిన ప్రతిసారీ 'ఫైనల్', 'ఫైనల్ 2', 'ఫైనల్ ఓకే' అంటూ కొత్త పేరుతో సేవ్ చేసి డ్రైవ్‌లోకి ఎక్కిస్తారు. పది మార్పులు అయ్యేసరికి ఒక్క ఆల్బమ్ పేజీకే 5 జీబీ అయిపోతుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అదీ డ్రైవ్, జీమెయిల్, ఫోటోస్ మూడింటికీ కలిపి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోంచే పోతోంది. నిండిపోతే మెయిల్స్ రావడం కూడా ఆగిపోతుంది.

అప్పుడు కొందరు నెలకు రూ.130 కట్టి 100 జీబీ ప్లాన్ తీసుకుంటారు. ఇంకొందరు పాతవన్నీ డిలీట్ కొట్టేస్తారు. సరిగ్గా ఆ వారంలోనే కస్టమర్ ఫోన్ చేస్తాడు: "అన్నా, మొదట పంపావు చూడు, అదే బాగుంది."

పేరు మార్చితే ఖర్చు, మార్చకపోతే ఫ్రీ

చాలామంది గమనించని విషయం ఇదే. కొత్త పేరుతో ఎక్కించిన ప్రతి ఫైల్‌నూ గూగుల్ వేరే ఫైల్‌గానే లెక్కేస్తుంది. అదే పేరుతో అదే ఫోల్డర్‌లోకి అప్‌లోడ్ చేసి, అడిగినప్పుడు 'రీప్లేస్ ఎగ్జిస్టింగ్ ఫైల్' ఎంచుకుంటే పాతది ఎక్కడికీ పోదు, వెనకాల వెర్షన్‌గా ఉండిపోతుంది. అలా ఉన్న పాత వెర్షన్లు మీ 15 జీబీ లెక్కలోకి రావు. తాజా ఫైల్ సైజు మాత్రమే పడుతుంది. అంటే పైన చెప్పిన 5 జీబీ కాస్తా 500 ఎంబీ అవుతుంది, పాత డిజైన్లు కూడా చేతిలోనే ఉంటాయి.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఈ పాత వెర్షన్లు 30 రోజులు దాటితే, లేదా 100 వెర్షన్లు దాటితే వాటంతట అవే పోతాయి. రెండు నెలల తర్వాత మొదటి డిజైన్ కావాలంటే దొరకదు. అందుకే కస్టమర్‌కు చూపించిన వెర్షన్‌ను మాత్రం కాపాడుకోవాలి. కంప్యూటర్‌లో డ్రైవ్ తెరిచి, ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, 'ఫైల్ ఇన్ఫర్మేషన్'లో 'మేనేజ్ వెర్షన్స్'కు వెళ్లండి. కావాల్సిన వెర్షన్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'కీప్ ఫరెవర్' పెట్టండి.

ఇక్కడే మీటర్ మొదలవుతుంది. కీప్ ఫరెవర్ పెట్టిన ప్రతి వెర్షన్ స్టోరేజ్‌లో పూర్తి సైజుతో లెక్కకు వస్తుంది. ఒక ఫైల్‌కు 200 వరకు అలా దాచుకోవచ్చు గానీ, దాచుకోవచ్చు కదా అని అన్నిటికీ టిక్ పెడితే మళ్లీ మొదటికే వస్తాం. నన్నడిగితే ఒక ఫైల్‌కు రెండు చాలు: మొదట చూపించింది, కస్టమర్ ఓకే చేసింది.

ఇంకొక మాట. డిలీట్ చేసిన ఫైల్స్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి, అన్నాళ్లూ స్టోరేజ్ తింటూనే ఉంటాయి. అర్జెంట్‌గా జాగా కావాలంటే ట్రాష్ కూడా ఖాళీ చేయాలి. డాక్స్, షీట్స్ వెర్షన్ హిస్టరీ గురించి మాత్రం బుర్ర పాడుచేసుకోకండి, అక్కడ మిగిలేది ఏమీ ఉండదు.

డ్రాప్‌బాక్స్ వాడేవాళ్లకు కొంచెం హాయి. అక్కడా పాత వెర్షన్లు కోటాలోకి రావు, ఫ్రీ ప్లాన్‌లో 30 రోజులు ఉంటాయి. కాకపోతే ఫ్రీగా వచ్చేదే 2 జీబీ.

స్టూడియో పెద్దదై అమెజాన్ ఎస్3కి వెళ్తే

ఇంట్లోనో స్టూడియోలోనో న్యాస్ పెట్టుకుని, దాని బ్యాకప్‌ను అమెజాన్ ఎస్3 లాంటి చోట ఉంచేవాళ్లకు లెక్క పూర్తిగా వేరు. అక్కడ వెర్షనింగ్ ఆన్ చేస్తే ప్రతి వెర్షన్‌కూ పూర్తి సైజుకు డబ్బులు పడతాయి. ఒక్క అక్షరం మార్చినా 500 ఎంబీ మళ్లీ పూర్తిగా కొత్తదే.

లెక్క వేద్దాం. 500 ఎంబీ ఫైల్స్ వంద, అంటే 50 జీబీ. రోజుకోసారి అన్నీ మారి బ్యాకప్ అయితే నెలకు 1.5 టీబీ. ముంబై రీజియన్‌లో స్టాండర్డ్ క్లాస్ రేటు జీబీకి నెలకు సుమారు 2.5 సెంట్లు. ఆ లెక్కన 37 డాలర్లు, అంటే మూడు వేల రూపాయల పైమాటే. రెండో నెలకు 3 టీబీ, బిల్లు డబుల్. ఫోల్డర్ తెరిచి చూస్తే మాత్రం 50 జీబీయే కనిపిస్తుంది! ఫైల్ డిలీట్ చేసినా 'డిలీట్ మార్కర్' అనే గుర్తు పడుతుందే తప్ప పాత వెర్షన్లు అలాగే ఉంటాయి, బిల్లు తగ్గదు. వెర్షనింగ్‌ను ఆపితే కొత్త వెర్షన్లు పేరుకోవు, అంతే. ఉన్నవి ఉంటాయి.

దీనికి మందు లైఫ్‌సైకిల్ రూల్. బకెట్ 'మేనేజ్‌మెంట్' ట్యాబ్‌లో రూల్ పెట్టి, పాత వెర్షన్లు 7 రోజుల తర్వాత పోవాలని చెప్పండి. పై ఉదాహరణలో స్టోరేజ్ దాదాపు 400 జీబీ దగ్గర ఆగిపోతుంది, బిల్లు 10 డాలర్ల చుట్టూ ఉంటుంది. అదే రూల్‌లో చివరి 3 పాత వెర్షన్లను ఎప్పుడూ ఉంచమని కూడా చెప్పొచ్చు. ఇది తప్పకుండా పెట్టండి. ర్యాన్సమ్‌వేర్ వచ్చి ఫైల్స్ అన్నీ లాక్ చేస్తే, ఆ లాక్ అయిన ఫైల్సే బ్యాకప్‌లోకి కొత్త వెర్షన్లుగా ఎక్కుతాయి. పది రోజులు ఎవరూ గమనించకపోయినా వెనకాల మంచి కాపీ ఇంకా ఉండే అవకాశం ఉంటుంది.

పాత వెర్షన్లను చవకైన గ్లేసియర్ క్లాసులకు పంపితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఏళ్ల తరబడి దాచేవాటికి సరే. కానీ గ్లేసియర్ ఇన్‌స్టంట్ రిట్రీవల్‌లో కనీసం 90 రోజుల చార్జ్ ఉంటుంది, డీప్ ఆర్కైవ్‌లో 180 రోజులు. వారంలో డిలీట్ చేసినా మిగతా రోజులకు కూడా కట్టాల్సిందే.

బ్యాక్‌బ్లేజ్ బీ2 వాడుతుంటే బకెట్ సెట్టింగ్స్ ఈరోజే ఒకసారి తెరవండి. మీరు మార్చకపోతే అక్కడ అన్ని వెర్షన్లనూ ఉంచడమే డీఫాల్ట్.