క్రమశిక్షణా విచారణలో ఉద్యోగి హక్కులు

రాజాం జూట్ మిల్లు కార్మికుడైనా, పైడిభీమవరం మందుల కంపెనీ ఆపరేటరైనా, బొబ్బిలి బడిలో ఉపాధ్యాయుడైనా, తనపై ఆరోపణ వచ్చినప్పుడు విచారణను ఎదుర్కోవలసిందే. దీనిని ఫ్యాక్టరీల్లో డొమెస్టిక్ ఎంక్వైరీ అనీ, ప్రభుత్వ కార్యాలయాల్లో శాఖాపరమైన విచారణ అనీ అంటారు. ఆరోపించేది యాజమాన్యమే, విచారణాధికారిని నియమించేదీ యాజమాన్యమే, శిక్ష వేసేదీ యాజమాన్యమే. అందువల్లనే చట్టం, న్యాయస్థానాలు ఈ విచారణకు కొన్ని హద్దులు పెట్టాయి. ఏ దశలో ఏ కాగితం తన చేతికి రావాలో తెలిసిన ఉద్యోగికే ఆ హద్దులు ఉపయోగపడతాయి.

ప్రాథమిక విచారణ వేరు, అసలు విచారణ వేరు

విద్యార్థులు ఈ రెండింటినీ తరచు కలిపేస్తుంటారు. సంఘటన జరిగిన రోజే సెక్యూరిటీ ఆఫీసులోనో, మేనేజరు గదిలోనో వాంగ్మూలాలు రాయించుకోవడం ప్రాథమిక విచారణ. ఆరోపణలో పస ఉందో లేదో తెలుసుకోవడానికే అది. అక్కడ మాట్లాడిన సాక్షిని అసలు విచారణలో ఉద్యోగి ఎదుటికి తెచ్చి, ఎదురు ప్రశ్నలు వేసే అవకాశం ఇవ్వకుండా ఆ వాంగ్మూలంతో శిక్ష వేయడం చెల్లదు. అయితే ‘తప్పయిపోయిందని రాసిచ్చేయ్, ఇక్కడితో వదిలేస్తాం’ అన్న మాట నమ్మి సంతకం పెట్టినవారి పరిస్థితి వేరు. ఆ కాగితమే తర్వాత ఒప్పుకోలుగా ఎదురు నిలుస్తుంది. ‘చదివి వినిపించండి, నకలు ఇవ్వండి’ అని అడగడం క్రమశిక్షణను ఉల్లంఘించడం కాదు.

అభియోగ పత్రం, సాక్షులు

అసలు విచారణ అభియోగ పత్రంతో మొదలవుతుంది. ‘నీ ప్రవర్తన బాగాలేదు’ అన్నంత మాత్రాన అభియోగం కాదు. ఏ తేదీన, ఏ షిఫ్టులో, ఏం చేశాడో అందులో ఉండాలి. సుర్ ఎనామెల్ కేసులో 1963లో సుప్రీంకోర్టు న్యాయమైన విచారణకు కావలసినవి చెప్పింది. అభియోగం స్పష్టంగా తెలియాలి. సాక్షులను సాధారణంగా ఉద్యోగి సమక్షంలోనే విచారించాలి. వారిని ప్రశ్నించడానికీ, తన సాక్షులను తెచ్చుకోవడానికీ అతనికి అవకాశం ఉండాలి. విచారణాధికారి కారణాలతో నిర్ణయం రాయాలి. సాక్షుల వాంగ్మూలాల సారాంశం ఇస్తే చాలదని, ఎదురు ప్రశ్నలకు వాంగ్మూలాల నకళ్లే కావాలని 1974లో భగత్ రామ్ కేసులో తేల్చారు.

మన జిల్లాల కార్మికులకు బాగా పనికివచ్చే నిబంధన భాషకు సంబంధించినది. కేంద్ర ప్రభుత్వ నమూనా స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం విచారణ కార్యకలాపాలను హిందీ, ఇంగ్లీషు, ఆ రాష్ట్ర భాష, ఈ మూడింటిలో కార్మికుడు కోరినదానిలో నమోదు చేయాలి. అంటే తెలుగు కావాలని అడగవచ్చు. అడిగినవారు తక్కువ. సహాయకుడిగా తోటి కార్మికుణ్ణి గాని, యూనియన్ ప్రతినిధిని గాని వెంట తెచ్చుకోవచ్చు. న్యాయవాది మాత్రం సాధారణంగా హక్కుగా దొరకడు.

సస్పెన్షన్‌లో జీవనభృతి

సస్పెన్షన్ శిక్ష కాదు గాని, ఇల్లు గడవకపోతే విచారణకు ఎలా వస్తాడు? 2025లో రద్దయిన 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టం 10-ఎ సెక్షన్ మొదటి 90 రోజులకు వేతనంలో 50 శాతం, జాప్యానికి కార్మికుడు కారణం కాకపోతే ఆ తర్వాత 75 శాతం భృతిగా ఇవ్వాలనేది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇవే రేట్లు. అయితే స్టాండింగ్ ఆర్డర్లు వర్తించాలంటే కనీసం 300 మంది కార్మికులు ఉండాలని ఈ కోడ్ అంటుంది. పాత కేంద్ర చట్టంలో ఆ సంఖ్య 100. చిన్న యూనిట్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు ఈ మార్పు నష్టమేనని నా అభిప్రాయం.

కోలార్ బంగారు గనుల భద్రతాధికారి ఒకరు సస్పెన్షన్ కాలంలో కేరళలోని సొంతూరికి వెళ్లారు. భృతి అందలేదు, ప్రయాణానికి డబ్బు లేదు, విచారణ ఆయన లేకుండానే ముగిసింది. ఆ విచారణ చెల్లదని 1999లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

విచారణ నివేదిక

అందరూ మరిచిపోయే కాగితం ఇదే. ప్రభుత్వోద్యోగికి పూర్వం శిక్షపై రెండవ నోటీసు ఇచ్చేవారు, దానితోపాటు నివేదిక కూడా అందేది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ఆ రెండవ అవకాశాన్ని తొలగించింది. ఇక నివేదిక ఇవ్వనక్కరలేదని చాలామంది అధికారులు భావించారు. ఇచ్చి తీరాలని రంజాన్ ఖాన్ కేసులో 1990 నవంబరు 20న సుప్రీంకోర్టు చెప్పింది. మిగిలిన సందేహాలను 1993లో హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్చింది. శిక్ష వేసే అధికారి, విచారణాధికారి వేర్వేరు వ్యక్తులైతే, నేరం రుజువైందో లేదో నిర్ణయించకముందే నివేదిక నకలును ఉద్యోగికి ఇవ్వాలి. సర్వీసు నియమాలు మౌనంగా ఉన్నా, ఉద్యోగి అడగకపోయినా ఈ హక్కు ఉంటుంది. ప్రభుత్వ సంస్థలకూ ప్రైవేటు సంస్థలకూ ఇది వర్తిస్తుంది.

అయితే నివేదిక ఇవ్వనంత మాత్రాన ఉద్యోగం తిరిగి రాదు. దానివల్ల తనకు ఏ నష్టం జరిగిందో ఉద్యోగి చూపించాలి. చూపినా, నివేదిక ఇచ్చిన దశ నుంచి విచారణను కొనసాగించే స్వేచ్ఛ యాజమాన్యానికి ఉంటుంది.

తర్వాతి మెట్టు ఉద్యోగిని బట్టి మారుతుంది. 2025లో రద్దయిన పారిశ్రామిక వివాదాల చట్టంలో 1971లో చేర్చిన 11-ఎ సెక్షన్ కింద డిస్మిస్ అయిన కార్మికుడి కేసులో లేబర్ కోర్టు సాక్ష్యాన్ని మళ్లీ తూచి, శిక్షను తగ్గించగలిగేది. ఉపాధ్యాయుడి కేసులో హైకోర్టు అలా చేయదు. విచారణ నిర్ణయంపై తాను అప్పీలు కోర్టు కాదన్న సూత్రం 1963 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం – శ్రీరామారావు కేసులో స్థిరపడింది.

అభ్యాసం: రణస్థలం మండలంలోని ఒక ఫ్యాక్టరీలో సస్పెండైన కార్మికుడు కంచిలి దగ్గర సొంతూరిలో ఉంటున్నాడు. నాలుగు నెలలుగా భృతి లేదు. విచారణ నోటీసు ఇంగ్లీషులో వచ్చింది, సాక్షుల వాంగ్మూలాలు జతచేయలేదు. యాజమాన్యానికి అతడు రాయవలసిన ఉత్తరాన్ని పది వాక్యాలలో రాయండి.